ఒక్క నక్షత్రమా, నక్షత్రాల గుంపా? కాస్మిక్ కిరణాల పుట్టుక కోసం 110 ఏళ్ల వెతుకులాట



ఈసారి మన పోరాటాల చరిత్ర కాకుండా ఒక ప్రశ్న చరిత్ర రాస్తున్నాం. పోటీ పరీక్షల గైడ్లలో ఒక బిట్టు ఉంటుంది: కాస్మిక్ కిరణాలు ఎక్కడ పుడతాయి? జవాబు: సూపర్నోవాలో. అంటే పెద్ద నక్షత్రం పేలిపోయినప్పుడు. టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం. గానీ ఆ ఒక్క ముక్క జవాబు వెనుక 1912 నుంచి నేటి దాకా నడుస్తున్న పెద్ద కథ ఉంది. గత పదిహేనేళ్లలో ఆ కథ మలుపు తిరిగింది. పేరంతా పేలిపోయిన ఒంటరి నక్షత్రానికే దక్కుతూ వచ్చింది, కానీ పనిలో కొంత వాటా ఇంకా బతికున్న పడుచు నక్షత్రాల గుంపుదేమో అని ఇప్పుడు రుజువులు వస్తున్నాయి. ఈ కథ చాలా వరకు కొండల మీద జరిగింది. మనలాంటి వాళ్లు ఉండే కొండల మీద. అందుకే ఇది మనం తెలుసుకోవాల్సిన చరిత్ర అనుకుంటున్నాం.

ముందు అసలు విషయం

కాస్మిక్ కిరణాలు అంటారు గానీ అవి వెలుతురు కిరణాలు కావు. అవి అణువుల లోపలి ముక్కలు. ఎక్కువ భాగం ప్రోటాన్లు, కొంత హీలియం, ఇంకొంచెం ఇనుము లాంటి బరువైన మూలకాల కేంద్రకాలు. దాదాపు కాంతి వేగంతో అంతరిక్షం నుంచి వచ్చి మన గాలిని గుద్దుకుంటాయి. అక్కడ పగిలి, ఒకటి పదై, పది వేలై, జల్లులా కిందికి దిగుతాయి. ఇది చదువుతున్నప్పుడు కూడా మీ అరచేతిలోంచి సెకనుకు ఒకటి చొప్పున మ్యువాన్ అనే కణం దూసుకుపోతూనే ఉంటుంది. మనకు తెలియదు, అంతే.

వీటి శక్తిని ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. యూరప్‌లోని సెర్న్ సొరంగంలో మనిషి కట్టిన అతిపెద్ద యంత్రం ఒక ప్రోటాన్‌కు దాదాపు 7 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఇస్తుంది. మన పాలపుంతలోనే పుట్టిన కాస్మిక్ కిరణాల్లో కొన్నింటికి 3,000 లక్షల కోట్ల శక్తి ఉంటుంది. అంటే సెర్న్ కంటే నాలుగు వందల రెట్లు పైనే. ఆకాశంలో ఏ మోటారు వాటిని ఇంతగా తోస్తోంది? ఇదే ప్రశ్న.

బెలూన్‌తో మొదలు

1900ల మొదట్లో శాస్త్రవేత్తలకు ఒక చిక్కు వచ్చింది. గట్టిగా మూసి పెట్టిన పరికరంలో కూడా విద్యుదావేశం మెల్లగా కారిపోయేది. నేలలోని రేడియో ధార్మికత వల్లే అనుకున్నారు. అదే నిజమైతే పైకి పోయే కొద్దీ అది తగ్గాలి. 1910లో థియోడోర్ వుల్ఫ్ అనే పాదిరీ తన పరికరాన్ని పారిస్‌లో ఈఫిల్ టవర్ ఎక్కించాడు. తగ్గింది గానీ అనుకున్నంత కాదు. ఇటలీలో డొమెనికో పాచీని పరికరాన్ని సముద్రం నీళ్లలో ముంచి చూశాడు. నీటి కింద తగ్గింది. అంటే ఏదో పైనుంచి వస్తోందన్నమాట.

1912 ఆగస్టు 7న ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ హైడ్రోజన్ బెలూన్‌లో 5,000 మీటర్లు దాటి పైకి వెళ్లాడు. పరికరం రీడింగు తగ్గకపోగా బాగా పెరిగింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యగ్రహణం రోజు కూడా ఎగిరి చూశాడు. సూర్యుడు కప్పబడినా రీడింగు పడిపోలేదు. కాబట్టి ఇవి సూర్యుడి నుంచి వచ్చేవి కావు, ఇంకా దూరం నుంచి వస్తున్నాయి. ఈ పనికి 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కాస్మిక్ కిరణాలు అనే పేరు 1925లో అమెరికా శాస్త్రవేత్త మిలికాన్ పెట్టాడు. ఇవి వెలుతురు లాంటివే అని ఆయన వాదన. 1930లలో ఆర్థర్ కాంప్టన్ బృందం ప్రపంచమంతా తిరిగి కొలిచింది. భూమధ్య రేఖ దగ్గర తక్కువ, ధ్రువాల వైపు ఎక్కువ వచ్చాయి. భూమి అయస్కాంతం వీటిని వంచుతోంది అంటే వీటికి విద్యుదావేశం ఉన్నట్టే. మిలికాన్ వాదన ఓడిపోయింది, పేరు మాత్రం అలాగే మిగిలిపోయింది.

కొండలెక్కిన సైన్సు

పైకి పోయే కొద్దీ జల్లు ఎక్కువ. బెలూన్ కొద్ది గంటలే ఎగురుతుంది, కొండ ఎప్పుడూ ఉంటుంది. అందుకే పరిశోధన కొండలెక్కింది. 1930ల చివర్లో కలకత్తాకు చెందిన డి. ఎం. బోస్, బిభా చౌధురి అనే ఇద్దరు డార్జిలింగ్ కొండల్లో, ఇంకా పైన సందక్‌ఫు శిఖరం మీద ఫోటో ప్లేట్లు పెట్టి నెలల తరబడి వదిలేశారు. ప్లేట్ల మీద పడిన గీతల్ని కొలిచి, ఎలక్ట్రాన్ కంటే బరువైన, ప్రోటాన్ కంటే తేలికైన కణాల జాడ పట్టారు. 1941లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. అంతలో యుద్ధం వచ్చి మంచి రకం ప్లేట్లు దొరకలేదు. పని అక్కడే ఆగింది. తర్వాత అదే పద్ధతిని మెరుగైన ప్లేట్లతో చేసిన బ్రిటన్ శాస్త్రవేత్త పావెల్‌కు 1950లో నోబెల్ వచ్చింది. పావెల్ బృందంలోని సీజర్ లాటెస్ ప్లేట్లు పెట్టింది బొలీవియాలోని చకల్తాయ కొండ మీద, ఐమారా ఆదివాసీల నేలలో. బిభా చౌధురి పేరు మన దేశంలోనే చాలా ఏళ్లు ఎవరికీ పట్టలేదు. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఒక నక్షత్రానికి ‘బిభా’ అని పేరు పెట్టింది.

పేలిన నక్షత్రానికి పేరొచ్చింది

ఇక పుట్టుక సంగతి. 1934లో బాడె, జ్విక్కీ అనే ఇద్దరు ఈ కిరణాలు సూపర్నోవాల నుంచి వస్తాయన్నారు. అప్పటికి అది ఊహే. 1949లో ఎన్రికో ఫెర్మి మొదటిసారి ‘ఎలా’ అనేదానికి దారి చూపాడు: అంతరిక్షంలో కదిలే అయస్కాంత మేఘాలను గుద్దుకుంటూ కణాలు మెల్లగా శక్తి కూడబెట్టుకుంటాయని. 1964 నాటికి రష్యాకు చెందిన గింజ్‌బర్గ్, సిరోవాట్‌స్కీ లెక్క కట్టారు. పాలపుంతలో వందేళ్లకు రెండు మూడు సూపర్నోవాలు పేలతాయి. ఆ శక్తిలో పదో వంతు కాస్మిక్ కిరణాలకు పోయినా చాలు, లెక్క సరిపోతుంది. 1977–78లో రష్యా, అమెరికా, బ్రిటన్ తదితర చోట్ల వేర్వేరు బృందాలు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే మాటకు వచ్చాయి: మోటారు పేరు ‘షాక్’.

షాక్ అంటే కరెంటు షాక్ కాదు. వేగంగా వచ్చే వాయువు, నెమ్మదిగా ఉన్న వాయువును ఢీకొన్న చోట ఏర్పడే హద్దు. ఆ హద్దుకు అటూ ఇటూ అయస్కాంత క్షేత్రాలు చిక్కుముడుల్లా ఉంటాయి. ప్రోటాన్ అటు పోతే అది వెనక్కి తోస్తుంది, ఇటు వస్తే ఇది వెనక్కి తోస్తుంది. హద్దు దాటి వచ్చిన ప్రతి రౌండుకూ కాస్త శక్తి పెరుగుతుంది.

ఎంత? షాక్ వేగం సెకనుకు 3,000 కిలోమీటర్లు అయితే, అది కాంతి వేగంలో నూరో వంతు. రౌండుకు లాభం కూడా సుమారు 1 శాతమే. తక్కువే కదా అనిపిస్తుంది. గానీ సావుకారి చక్రవడ్డీ మన తాతలకు తెలుసు. 1 శాతం చొప్పున 70 రౌండ్లకు అసలు రెట్టింపు. వెయ్యి రౌండ్లకు 20 వేల రెట్లు! ప్రతి రౌండులోనూ కొన్ని కణాలు జారిపోతుంటాయి. చివరిదాకా నిలబడేవి కొన్నే. ఎక్కువ శక్తి ఉన్న కిరణాలు తక్కువగా కనిపించడానికి ఇదే కారణం. కొలతల్లో కనిపించే తగ్గుదల ఈ లెక్కకు చాలా దగ్గరగా వచ్చింది. దాంతో సూపర్నోవా జవాబు పుస్తకాల్లో స్థిరపడిపోయింది.

లెక్క కుదరని మూడు చోట్లు

మొదటిది: 1958లో మాస్కో శాస్త్రవేత్తలు కులికోవ్, క్రిస్టియాన్సెన్ ఒక సంగతి పట్టుకున్నారు. 3,000 లక్షల కోట్ల దగ్గర కాస్మిక్ కిరణాల సంఖ్య ఒక్కసారిగా ఇంకా వేగంగా తగ్గుతుంది. గ్రాఫులో మోకాలు వంగినట్టు ఉంటుంది కాబట్టి దానికి ‘మోకాలు’ అనే పేరు. అంటే మన పాలపుంతలోని మోటార్లు కనీసం అక్కడిదాకా తోయగలగాలి. కానీ పేలిన నక్షత్రపు షాక్ కొద్ది వందల ఏళ్లలోనే నెమ్మదిస్తుంది. అంత శక్తికి చేర్చేంత సమయం దొరకడం కష్టం. సుమారు 350 ఏళ్ల కింద పేలిన కాసియోపియా-ఎ అనే సూపర్నోవా శకలాన్ని స్పెయిన్ దీవుల్లోని మ్యాజిక్ టెలిస్కోపులు గమనించి 2017లో ఫలితం చెప్పాయి: అక్కడ ప్రోటాన్లు 10 లక్షల కోట్ల ప్రాంతంలోనే ఆగిపోతున్నాయి. కావాల్సిందేమో 3,000.

రెండోది: కాస్మిక్ కిరణాల్లో నియాన్-22 అనే రకం, మామూలు నియాన్‌తో పోల్చితే సూర్యుడిలో ఉన్న నిష్పత్తి కంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువ. ఈ నియాన్-22ను గాలిలా బయటికి ఊదేసేవి చాలా బరువైన, బతికున్న నక్షత్రాలు. వీటిని ఉల్ఫ్-రాయె నక్షత్రాలంటారు. 1980ల మొదట్లోనే ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఈ వేలిముద్రను గుర్తించారు.

మూడోది: బరువైన నక్షత్రాలు ఒంటరిగా పుట్టవు. గుంపులుగా పుడతాయి, గుంపులోనే చస్తాయి. మరి ఒక్కదాన్నే విడదీసి లెక్క కట్టడం ఎంతవరకు సరి?

గుంపు పని ఎలా చేస్తుంది

నక్షత్రాల గుంపు మనకు కొత్త కాదు. మన ఊళ్లలో పిల్లలకోడి అనే చుక్కల గుంపు, పుస్తకంలో కృత్తికలు, అదే. కానీ దాని వయసు సుమారు 10 కోట్ల ఏళ్లు. అందులోని అతి బరువైన నక్షత్రాలు ఎప్పుడో అయిపోయాయి. మోటారు ఆగిపోయిన ఊరు అది. మనకు కావాల్సింది కొద్ది పదుల లక్షల ఏళ్ల వయసున్న పడుచు గుంపు. అందులో సూర్యుడి కంటే 20, 30, 50 రెట్లు బరువైన నక్షత్రాలు పదుల సంఖ్యలో ఉంటాయి.

ఇలాంటి నక్షత్రం ఊరికే వెలగదు. సెకనుకు 2,000 నుంచి 3,000 కిలోమీటర్ల వేగంతో తన ఒంటి పదార్థాన్నే గాలిలా ఊదేస్తుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి అర సెకను అనుకోండి. సూర్యుడు కూడా ఊదుతాడు గానీ ఆ నక్షత్రం పోగొట్టుకునే పదార్థం కోట్ల రెట్లు ఎక్కువ. అలాంటివి దగ్గర దగ్గరగా ఉంటే గాలులు ఒకదానితో ఒకటి కలిసి ఒకే పెద్ద గాలిగా మారతాయి. అది చుట్టూ ఉన్న వాయువును నెట్టుకుంటూ పెద్ద బుడగ కడుతుంది. ఆ బుడగ వందల కాంతి సంవత్సరాల దాకా పెరుగుతుంది.

షాక్ ఎక్కడ ఏర్పడుతుంది? ఊళ్లో బోరింగు కొట్టినప్పుడు చూడండి. నీళ్లు బండ మీద పడి, పల్చగా వేగంగా చుట్టూ పరుచుకుంటాయి. కొంత దూరం పోయాక ఒక గుండ్రటి గట్టు లేస్తుంది. గట్టు లోపల నీళ్లు వేగం, బయట నెమ్మది. గుంపు గాలికి కూడా బుడగ లోపల అలాంటి గట్టు ఉంటుంది. అదే షాక్. 1983లో కాథరిన్ సెజార్‌స్కీ, తియెరీ మాంట్‌మెర్ల్ నక్షత్ర గాలుల షాకులు కాస్మిక్ కిరణాలను తయారు చేయగలవని లెక్కతో చూపారు.

సూపర్నోవాకూ దీనికీ తేడా ఓపికలో ఉంది. పేలుడు ఒక్కసారే, షాక్ పరిగెత్తి అలసిపోతుంది. గుంపు గాలి లక్షల ఏళ్లు ఆగకుండా వీస్తుంది. షాక్ దాదాపు ఒకే చోట నిలిచి ఉంటుంది. పెద్ద చోటు, ఎక్కువ వేగం, బలమైన అయస్కాంతం: ఈ మూడూ ఎంత ఉంటే కణం అంత పైకి పోతుంది. పైగా గుంపులోని నక్షత్రాలు ఒక్కొక్కటిగా పేలినప్పుడు ఆ పేలుడు షాకు, ముందే కలబెట్టి ఉంచిన బుడగలోకే పోతుంది. రెండు మోటార్లూ ఒకే చోట చేరినట్టు.

రుజువు ఎలా దొరికింది

కాస్మిక్ కిరణం తిన్నగా రాదు. పాలపుంత అయస్కాంత క్షేత్రం దాన్ని వంకర్లు తిప్పుతుంది. అది వచ్చిన వైపు చూస్తే పుట్టిన చోటు కనబడదు. అడవిలో పశువు కనబడకపోయినా మెడలోని కొయ్య గంట చప్పుడు వినబడుతుంది కదా. ఇక్కడ గంట లాంటిది గామా కిరణం. ప్రోటాన్ దగ్గర్లోని వాయువును గుద్దితే గామా కిరణం పుడుతుంది. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి తిన్నగా వస్తుంది. అందిన గామా శక్తికి సుమారు పది రెట్లు ఆ ప్రోటాన్‌కు ఉన్నట్టు లెక్క.

2011లో ఫెర్మి అనే అంతరిక్ష టెలిస్కోపు హంస మండలంలో ఒక గామా బుడగను చూసింది. దాని లోపల సిగ్నస్ ఓబీ2 అనే పెద్ద పడుచు గుంపు ఉంది. 2021లో మెక్సికోలో 4,100 మీటర్ల ఎత్తున 300 నీళ్ల ట్యాంకులతో కట్టిన హాక్ అబ్జర్వేటరీ అదే బుడగ నుంచి 100 లక్షల కోట్ల గామా కిరణాలను పట్టుకుంది. 2024లో చైనా సిచువాన్‌లోని టిబెటన్ ప్రాంతంలో, 4,410 మీటర్ల ఎత్తున ఉన్న ల్హాసో అబ్జర్వేటరీ అదే దిక్కున 2,500 లక్షల కోట్ల గామా కిరణాల దాకా చూశామని చెప్పింది. పదితో గుణిస్తే? మోకాలు దాటిపోయాం.

దక్షిణ ఆకాశంలో ఇంకో సాక్షి ఉంది. వృశ్చికం తోకకు కింద, ధూళి వెనక దాగిన వెస్టర్లుండ్ 1. పాలపుంతలో తెలిసిన పడుచు గుంపుల్లో అతి బరువైన వాటిలో ఇది ఒకటి. 1961లో బెంగ్ట్ వెస్టర్లుండ్ దీన్ని కనుగొన్నాడు. నమీబియా ఎత్తు నేలల్లో హెస్ పేరుతోనే ఉన్న టెలిస్కోపులు 2022లో దీని చుట్టూ గామా వెలుగు ఉంగరం ఆకారంలో ఉన్నట్టు చూపాయి. వెలుగు గుంపు నడిమధ్యన కాదు, చుట్టూ ఉంది. బోరింగు బండ మీద గుండ్రటి గట్టులాగే.

ఇంకో రుజువు మన దగ్గరికే వచ్చింది. ఏస్ అనే ఉపగ్రహం 17 ఏళ్లు కాస్మిక్ కిరణాల్లోని ఇనుమును లెక్కపెట్టింది. సుమారు 3 లక్షల 55 వేల మామూలు ఇనుము కేంద్రకాల్లో ఇనుము-60 అనే అరుదైన రకం 15 దొరికాయి. 2016లో ప్రకటించారు. ఇనుము-60 సూపర్నోవాలో బయటపడుతుంది, 26 లక్షల ఏళ్లకు సగం అయిపోతుంది. అంటే పేలుడు చాలా పాతది కాదు, చాలా దూరంలోనూ కాదు. ఒక నక్షత్రం పేలి పడేసిన దాన్ని, ఆ పక్కనే ఇంకో షాక్ ఎత్తి తోసిందన్న ఆలోచనకు ఇది బలం. అలాంటిది సహజంగా జరిగేది గుంపులోనే.

అలాగని సూపర్నోవాను కొట్టేయకూడదు. 2013లో ఫెర్మి టెలిస్కోపు రెండు పాత సూపర్నోవా శకలాల్లో ప్రోటాన్లు వేగం పుంజుకున్నాయని గామా వేలిముద్రతో చూపింది. మొత్తం శక్తిలో ఇప్పటికీ పేలుళ్ల వాటాయే పెద్దది. హంస బుడగలో కూడా గాలుల పని ఎంత, లోపల ఉన్న ఇతర వస్తువుల పని ఎంత అనే వాదన నడుస్తూనే ఉంది. మారింది ఏమిటంటే, ఒంటరి పేలుడుతోనే కథ చెప్పడం ఇక కుదరదు.

ఇందులో మనమెక్కడ

ఈ చరిత్రలో కొండల పేర్లు చూశారు కదా. మన దేశంలో కూడా అంతే. ఊటీలో, తోడ, కోట, కురుంబ, ఇరుల జనాల నీలగిరిలో, టాటా పరిశోధనా సంస్థ వాళ్ల గ్రేప్స్-3 పనిచేస్తోంది. 2024లో అది ప్రోటాన్ల లెక్కలో 166 లక్షల కోట్ల దగ్గర కొత్త మలుపు ఉందని చూపింది. లడఖ్‌లోని హన్లేలో 4,300 మీటర్ల ఎత్తున మేస్ అనే 21 మీటర్ల గామా టెలిస్కోపును 2024లో ప్రారంభించారు. దాన్ని కట్టింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. అక్కడ ఉండే చాంగ్‌పా పశుకాపరులు మనలాగే షెడ్యూల్డ్ తెగ. హన్లేలో ఊరి యువతీయువకులకే టెలిస్కోపులు ఇచ్చి, ఆకాశం చూపించే పనికి శిక్షణ ఇచ్చారు.

మన హైదరాబాద్‌కు కూడా వాటా ఉంది. 1969 నుంచి ఈసీఐఎల్ దగ్గర టాటా సంస్థ బెలూన్ కేంద్రం నడుస్తోంది. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి తక్కువ శక్తి కిరణాలు ఇక్కడికి రాలేవు, అనవసర రొద తక్కువ. ఎగిరాక పరికరాలు పారాచూట్‌తో తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల్లో పడతాయి. దొరికితే విప్పకండి, కబురు చేయండి అని పేపర్లో ప్రకటన వేస్తారు. ఇన్నాళ్లూ ఈ కథలో మన పాత్ర ఎక్కువగా అంతే: పొలంలో పడిన పెట్టెకు కాపలా. పెట్టెను పంపించే చోట, దాని లెక్క చూసే చోట మన పిల్లలు ఎంతమంది? కొండ మనది, కొలత మాత్రం వేరేవాళ్లది అన్నట్టు ఉండిపోకూడదు.

మనకు ఆకాశం కొత్తా? గోండుల నక్షత్ర జ్ఞానం మీద టాటా సంస్థ శాస్త్రవేత్త మయాంక్ వాహియా, గణేష్ హల్కరే 2013లో పరిశోధనా వ్యాసం రాశారు. తెలుగు రైతులు గొర్రుకొయ్యలు అనే మూడు చుక్కల దగ్గరే గోండు పెద్దలు నాగలిని చూశారు. ఆ చుక్కల కిందే మసకగా కనబడే మచ్చ ఓరియన్ నెబ్యులా. అందులో ఉన్నది సుమారు 10 లక్షల ఏళ్ల పడుచు గుంపు. మన తాతలు నాగలిని చూసిన చోట నక్షత్రాలు ఇప్పుడు పుడుతున్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నవాళ్లూ, డిగ్రీలో ఫిజిక్స్ కష్టమని వదిలేద్దామనుకుంటున్నవాళ్లూ, ఒక్కమాట. ఏళ్ల తరబడి పుస్తకాల్లో ఉన్న జవాబు కూడా తిరిగి అడిగితే మారింది. పరీక్షలో ఇప్పటికి సూపర్నోవాకే టిక్కు పెట్టండి, మార్కు పోకూడదు. కానీ ప్రశ్నను మాత్రం వదలకండి. ఐఐటీ జామ్, జెస్ట్ లాంటి పరీక్షల ద్వారా ఈ సంస్థల్లోకి దారి ఉంది. రాసే ఉద్దేశం ఉన్నవాళ్లు చెప్పండి, ముందు రాసినవాళ్లతో కలుపుతాం.

ఇంకొకటి. ఈసారి ఊరికి పోయినప్పుడు అమ్మమ్మలను, తాతలను అడగండి. పిల్లలకోడిని, నాగలిని గోండిలో, కోయలో, కువిలో, సవరలో, గోర్ బోలిలో ఏమంటారో రాసుకురండి. ఏ నెలలో ఏ చుక్క చూసి ఏ పని మొదలుపెట్టేవారో కూడా. అన్నీ ఒకచోట చేరుద్దాం. అది కూడా చరిత్రే, మనం రాయకపోతే ఎవరూ రాయనిది.

జోహార్.